ఐదు కమానుల ముందు

మా మామ పోయాడన్న కబురు నాకు ఒక ఆర్డరుగా వచ్చింది. తమిళనాడులోని రాజపాళయంలో నాకొక ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఫోన్లోకి మామ ఫోటో వచ్చింది. దాని కింద ‘కన్నీటి అంజలి, నలభైకి పది అడుగులు, అర్జెంట్’ అని రాసి ఉంది. పంపినవాడు మామ తమ్ముడి కొడుకు. నాకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలని వాడికి తోచలేదు గానీ బ్యానరు కొలతలు మాత్రం తోచాయి. ఏడుపు కన్నా ముందు నాకు రోత పుట్టింది. అది ఇంకా తగ్గలేదు. అందుకే ఈ నాలుగు మాటలు కాస్త చేదుగా ఉంటాయి, చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

మామ మా అమ్మకు అన్న. చాలా ఏళ్ళు చిన్న ఫోటో స్టూడియో నడిపాడు. పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు ఆయనకు కూడు పెట్టాయి. ప్రాణం మాత్రం ఊళ్ళోని ఒక పాత సర్కారు కట్టడం మీద ఉండేది. ఏ ఆఫీసో రాయను, ఏదైనా ఒకటే. ముందు ఐదు కమానుల వరండా, కోడిగుడ్డు సొన కలిపి నున్నగా రుద్దిన సున్నపు గోడలు, పైన టేకు దూలాలు. తూర్పు ముఖం కనుక పొద్దున ఎనిమిదింటికి ఎండ కమానుల్లోంచి దూరి లోపలి గోడ మీద వెలుగుతో ఇంకో ఐదు కమానులు కట్టేది. కప్పు పైన, వెనక, పడమటి కొండ కనిపించేది. ఇదంతా ఒక్క ఫోటోలో, అడ్డం ఏమీ లేకుండా రావాలి. ఆయన కోరికల్లా అదే.

నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆయనే. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి ఎప్పుడూ సంచీలో ఉండేది. దాన్ని కెమెరా నెత్తిన పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా స్టాండు కాళ్ళు సర్దేవాడు.

“కెమెరా మూతి పైకెత్తినావంటే బిల్డింగు ఎనక్కి పడిపోయినట్టు వస్తాది పిల్లా. అది దాని తప్పు కాదు, మన్ది. మనమే మాడి ఎక్కల,” అనేవాడు. మాడి అంటే డాబా. ఎదురుగా ఉన్న టీ అంగడి డాబా మెట్లు అలా ఎన్నిసార్లు ఎక్కించాడో!

ఆ కట్టడానికి ఆఫీసువాళ్ళు చేసిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అద్దంలాంటి సున్నం మీద గులాబీ రంగు ఎనామెల్ పూశారు. కమాను పక్కనే గోడ పగలగొట్టి ఏసీ బిగించి, దాని నీళ్ళు స్తంభం మీదికి వదిలారు. ఒకసారి ఫోటోకు అనుమతి అడగడానికి మామతో నేనూ వెళ్ళాను. గుమాస్తా మన తెలుగువాడే.

“ఫోటో ఎందుకు సార్? కేసు ఏమన్నా వేస్తారా?” అన్నాడు.

“ఇల్లప్పా, కేసేం లేదు. బాగుండాది అని తీస్తాండా.”

“ఇదా బాగుండేది?” అని నవ్వి, నోట్లోని తాంబూలం స్తంభం మొదట్లో ఉమ్మేశాడు. మామ జేబులోంచి గుడ్డ తీశాడు, కూర్చున్నాడు, తుడిచాడు. నాకు మాత్రం ఆ గుడ్డ గుమాస్తా నోట్లో కుక్కాలనిపించింది.

అన్నిటికన్నా పెద్ద పీడ ఫ్లెక్సులు. అందరికీ కనబడే చోటు కనుక పెళ్ళిళ్ళు, చెవులు కుట్టడాలు, నాయకుల పుట్టినరోజులు, చావులు, అన్నీ ఆ కమానులకే కట్టేవాళ్ళు. మామ తీసిన ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరు పళ్ళికిలిస్తూ ఉంటారు. వాటిలో సగం నా షాపులో పుట్టినవే. ఆయన దగ్గర వెలుగు గురించి నేర్చుకున్నదాన్ని, ఆయన గోడను మూసే వ్యాపారం పెట్టాను. మామ ఒక్కసారైనా తిట్టలేదు.

ఒకసారి ఎన్నికల సమయంలో రూలు ప్రకారం ఊళ్ళో బ్యానర్లన్నీ ఊడదీశారు. మామ పరుగున షాపుకు వచ్చాడు. “గోడ సుద్దంగా ఉండాది పిల్లా! ఈ దినం వెయిల్ పోయినాది, కమానుల్లో ఎండ లేదు. రేపు శీక్రం రా, ముందర బండ్లు నిలపకుండా నువ్వు చూసుకోవల,” అన్నాడు. సరేనన్నాను. ఆయన అటు వెళ్ళాక ఓటు వెయ్యమని చెప్పే సర్కారు బ్యానరు ఆర్డరు వచ్చింది. ఎక్కడ కడతారని అడగనైనా అడగకుండా గంటలో ప్రింటు చేసి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున ఐదు కమానులకూ అడ్డంగా అదే వేలాడుతోంది. కింద మూలన నా షాపు పేరు. మామ చాలాసేపు చూశాడు.

“కలరు బాగా వచ్చినాది పిల్లా,” అని స్టాండు మడిచేశాడు. ఆ మాటకన్నా చెంప దెబ్బ నయం.

ఇంత జరిగాక కూడా, మామ కన్నీటి అంజలి బ్యానరు నేనే ప్రింటు చేశాను. వేరేవాళ్ళకు ఇవ్వడానికి మనసొప్పలేదు. ఎక్కడ కడతారని మళ్ళీ అడగలేదు. మూడో రోజు ఆ దారిన వెళ్తూ చూశాను. ఐదు కమానుల మీదా మామ మొహం. 

అంతలో కట్టడాన్ని పడగొడతారని, పన్నెండో రోజున మిషన్లు వస్తాయని తెలిసింది. పదో రోజు పొద్దున మామ కెమెరా, స్టాండు, రసమట్టం తీసుకుని వెళ్ళాను. బ్యానరు విప్పమంటే ఆఫీసు వాచ్‌మన్ చెవులు మూసుకున్నాడు.

“పదారో నాడు కర్మ కారియం అయ్యేదంకా దాన్ని తాకరాదమ్మా, పాపం.”

“అప్పటికి గోడ ఉండదు కదన్నా.”

“గోడ పోతే పోనీ. పోయిన మనిషి మొహం కిందేస్తారా?”

టీ అంగడివాళ్ళ నిచ్చెన అడిగి తెచ్చి నేనే ఎక్కాను. కత్తితో తాళ్ళు కోస్తుంటే కింద జనం పోగయ్యారు. “సొంత మామదే కోస్తాండాది చూడు, సిగ్గు లేదు,” అంది ఒకామె. లేదు నిజమే, ఉంటే ఆ షాపు ఎప్పుడో మూసేదాన్ని. ఆఖరి తాడు తెగగానే బ్యానరు బరువుగా జారి మెట్ల మీద పడింది. ఎండ లోపలికి దూరింది.

టీ అంగడి డాబా ఎక్కాను. రసమట్టంలో బుడగ నడిమికి రావడానికి చాలాసేపు పట్టింది. గులాబీ రంగు, ఏసీ పెట్టె, ఉమ్ము మరకలు, పైన కొండ, లోపలి గోడ మీద వెలుగు కమానులు ఐదూ వచ్చాయి. ఫోటో తీశాను.

షాపుకు వచ్చి పెద్దది చేసి చూస్తే ఫోటో కింది అంచున, మెట్ల మీద, మడతపడిన ఫ్లెక్స్ కూడా ఉంది. మామ మొహం సగమే కనిపిస్తోంది, పైకి తిరిగి, కమానుల వైపు. మధ్యలో అడ్డం ఏమీ లేదు.