రూతు పేరు మీద పోయిన పని

ఏండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. చిన్నదే. కానీ దించుకునే జాగ దొరకలే. నువ్వెవరో నాకు తెల్వదు, నా పేరు నీకు చెప్పను. అందుకే నీకు చెప్పగలుగుతున్న.

రూతు, నేను శంషాబాద్‌ల ఒక చిన్న కంపెనీల పనిచేసేటోళ్లం. ఎయిర్‌పోర్టుల దిగిన సరుకు ఏ గోదాముకు పోవాల్నో చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. ఆమె రాజేంద్రనగర్ నుంచి వచ్చేది, నేను బడంగ్‌పేట్ నుంచి. ఆఫీసు ముందు చాయ్ బండి దగ్గర కలుసుకునేటోళ్లం. ఆదివారం చర్చిల పాడిన పాటను సోమవారం నాకు మెల్లగ పాడి వినిపించేది. నాకు అక్కాచెల్లెండ్లు లేరు. ఆమె వచ్చినంక ఆ సంగతే మర్చిపోయిన.

ఒకపారి ఆమె లాప్‌టాప్ రిపేరుకు పోతే, నా దాంట్లనే ఇద్దరం పనిచేసినం. మా కోడ్ అంతా ఒక సైట్‌ల ఉంటది. అందులకు పంపాలంటే కంప్యూటర్‌ల తాళంచెవి లెక్క ఒక కీ ఫైల్ ఉండాలె. ఎవరి కీతోని పంపితే వాళ్ల పేరు మీద ఎక్కుతది. రెండు ఖాతాలు కలవకుండ రెండు ఫోల్డర్లు చేసిన. ఆమె ఫోల్డర్‌కు ఆమె పేరు, ఆమె కీ. నా దానికి నాది.

లాప్‌టాప్ తిరిగొచ్చినంక తన కీ తీసెయ్యమన్నది. సరే అన్న. తీసెయ్యలే. బద్ధకమా? కాదు. అప్పుడే ఆమెను పై అంతస్తుల టీముకు మార్చిండ్రు. ఆ ఫోల్డర్ మీద రూతు అనే పేరు కనపడితే, ఆమె ఇంకా పక్క కుర్చీలనే ఉన్నట్టు అనిపించేది. దాన్ని ప్రేమ అనాల్నా, స్వార్థం అనాల్నా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.

ఒకనాడు మేనేజర్ తొందరపెడుతుంటే, చూసుకోకుండ ఆమె ఫోల్డర్‌లనే ఒక మార్పు చేసి పంపేసిన. అందుల తప్పున్నది. చల్లటి గదికి పోవాల్సిన మందుల పెట్టెలు మామూలు గోదాముల పడి ఖరాబైనయి. ఎవరు పంపిండ్రని చూస్తే, రికార్డుల రూతు పేరు.

ఆమెను పిలిచిండ్రు. పోయేముందు నా దగ్గరికొచ్చింది.

"ఏమే, నేను పంపనేలేదు. నా కీ నీ దాంట్ల లేదు గద?"

"లేదు. అప్పుడే తీసేసిన."

"గట్లనా. ఇగ నీ దగ్గర లేదనే చెప్త మరి."

గట్లనే చెప్పింది. తన కీ ఇంకెవరి దగ్గర లేదని. నా మీద నమ్మకంతోని తన దారి తానే మూసుకున్నది. ఆ వారంలనే ఆమెను తీసేసిండ్రు.

నౌకరి పోతదని భయపడి చెప్పలేదా? అది కూడ ఉండె. కానీ నిజం తెలిస్తే ఆమె ఇగ నా మొహం చూడదేమో అన్న భయమే ఎక్కువుండె. ఆమెను పోగొట్టుకోవద్దని అబద్ధమాడిన మనిషిని, తర్వాత ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేకపోయిన. కొన్నాళ్లు చేసింది. ఇగ చెయ్యలే.

మొన్న రాజేంద్రనగర్ బస్టాపుల కనపడ్డది. పహాడీ షరీఫ్ దగ్గర పిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తుందట. నన్ను చూసి ఉరికొచ్చి చేయి పట్టుకున్నది. మా అమ్మ ఆరోగ్యం అడిగింది. ఎందుకు ఫోన్ ఎత్తలేదని మాత్రం అడగలే. ఆ చేతిని ఎంతసేపు పట్టుకొని ఉండాలనిపించిందో. నిజం చెప్పేద్దామని నోరు తెరిచిన. బస్సొచ్చింది. ఆమె ఎక్కిపోయింది.

మన్నించమని నిన్ను అడుగుత లేను. మన్నించేటందుకు నువ్వెవరు? కానీ ఒక్క మనిషన్న వినాలె. ఆ మార్పు పంపింది రూతు కాదు. నేను.

నేనే పంపిన.