రోజుకు రెండువందల ఊపులు

ఇది ఒక రాజ్యం కూలిన కథ. ఇందులో విమానాలున్నాయి, లారీల నిండా సిపాయిలున్నారు, తరతరాలుగా ఎగిరిన జెండా ఒక సాయంత్రం దిగిపోవడం ఉంది. మీరు సర్దుకుని కూర్చునేలోపే నేనొక మాట ఒప్పుకోవాలి. విమానాలు మా ఇంటి మీదుగా వెళ్లిన మాట నిజమే గాని, ఆ సమయంలో నేను వంటింటి పక్క గదిలో కూర్చుని ఒక సీసా ఊపుతున్నాను. కథంతా ఆ సీసాదే. రాజ్యం సంగతి కావలసినవాళ్లు వేరేవాళ్లను అడగండి. పోలీసు చర్యను ఒంటిచేత్తో గెలిచానని చెప్పేవాడు సికింద్రాబాదులో హోటలుకొకడు చాయ్ తాగుతూ దొరుకుతాడు.

మా నాయనది టింక్చర్ల పని. మూలికలను స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, సీసాలకెత్తి ఇంటి ముందుగదిలోనే అమ్మేవాడు. ఆ పని చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు గాని, నాయన దృష్టిలో వాళ్లంతా ఆకులు ఉతికేవాళ్లు. దగ్గుకు వాడే అడ్డసరం ఆకును ఎండలో పడేస్తే గుణమంతా ఎండే తినేస్తుందని, నీడలో తిరగేస్తూ ఆరబెట్టేవాడు. దంచితే ఉప్మా రవ్వంత బరకగా రావాలి. ఆకు ఆకులాగే ఉంటే సారం దిగదు, మెత్తని పొడైతే అడుగున బురదై గుడ్డలోంచి జారదు. స్పిరిట్‌లో కొన్ని నీళ్లు కలపాలి, మరీ ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ తర్వాత పద్నాలుగు రోజులు చీకటి మూలన పెట్టి పొద్దున నూరు ఊపులు, సాయంత్రం నూరు ఊపులు. ఊపకపోతే ఆకు అడుగున పడుకుంటుంది, స్పిరిట్ పైన తన మానాన తానుంటుంది. నన్నూ నాయననూ ఒక గదిలో కూర్చోబెట్టినట్టన్నమాట.

ఆ ఏడాది సరిహద్దులు మూసేశారు. అందరూ ఉప్పు దొరకడం లేదని ఏడుస్తుంటే నాయన స్పిరిట్ రావడం లేదని ఏడ్చాడు. డ్రమ్ము వంచి చూస్తే ఒక్క పెద్ద సీసాకు సరిపడా మిగిలింది. ఆ సీసా అక్క కోసం అన్నాడు.

అక్క దగ్గుతో మంచం పట్టింది. "నయమైనంక పంపుండ్రి" అని మల్కాజ్‌గిరి అత్తగారివాళ్లు దింపిపోయి అప్పటికి ఐదు నెలలు. కఫంలో ఎరుపు కనిపించినప్పటినుంచి ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. తిరుమలగిరిలో ఛాతీ జబ్బులు చూసే డాక్టరున్నాడు. కాని ఆయన చూశాడంటే అక్కడే ఉంచేసుకుంటాడు, అలా ఉంచుకున్నవాళ్లు తిరిగిరావడం నాయన చూడలేదు. అందుకని తనకు తానే ఒక షరతు పెట్టుకున్నాడు. సీసా ఊపే పని అక్కకే ఇచ్చాడు.

"నూరు ఊపినన్ని దినాలు బిడ్డ చేతుల బలమున్నట్టే. రంగు ముదురుడు ఆగిన్నాడు దవాఖానకు జట్కా కట్టిస్త" అని అమ్మతో అన్నాడు.

నాడి చూసేవాళ్లున్నారు, నాలుక చూసేవాళ్లున్నారు. కూతురి ఒంటిని సీసా రంగులో చూసింది మా నాయనొక్కడే.

మొదటి ఐదు రోజులు అక్కే ఊపింది. సీసాను ఒళ్లో పెట్టుకుని, లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. ఆరో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆకంతా అడుగున పేరుకుని ఉంది.

"ఏందక్కా, ఇయ్యాల సీసాకు సెలవా?"

"పది ఊపంగనే చెయ్యి పడిపోతున్నది రా."

"నువ్వు చిన్నప్పటిసంది పనిదొంగవే."

"నవ్వియ్యకు, దగ్గొస్తది. నాయనకు చెప్పకు. ఆ దవాఖానకు పోతే నేను మళ్ల రాను."

"ఎందుకు రావు? ఒక్కపూట నీ వంట తింటే వాళ్లే జట్కా కట్టించి పంపిస్తరు."

నవ్వింది. అనుకున్నట్టే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక సీసా నా చేతిలో పెట్టింది.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నూరంటే నూటయాభై ఊపే వయసు. సాయంత్రం నాయన సీసాను వాకిట్లో వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. ముదురు ఆకుపచ్చ రంగు మరింత నల్లబడింది.

"చూసినవా? పిల్లకు తాకత్ వస్తున్నది."

"మనిషిని చూడరాదు? సీసను చూస్తవేంది?" అంది అమ్మ.

"మనిషి ఏమన్న చెప్తది. సీస చెప్పది గద."

అమ్మ నా వైపు చూసింది. నేను చాలా అవసరమైన పని ఏదో గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లాను. నాకు బయట ఏ పనీ ఉండదని అమ్మకు తెలుసు.

పదో రోజు నుంచి విమానాలు. వీధి తలుపులు మూసి, పక్కింటి రేడియోకు గోడ ఇవతలినుంచి చెవులు ఆనించి అందరూ కూర్చున్నారు. ఏ సైన్యం ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లో తలా ఒకలా చెప్పేవారు. నేను లెక్క తప్పకుండా నూరు పూర్తి చేసేవాణ్ణి. ఐదో రోజు సాయంత్రం అంతా అయిపోయిందని రేడియో చెప్పింది. ఆ వార్త మోసుకుని అక్క దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, రాజ్యం పోయిందంట!"

"పోనీ తియ్. ఆ తలుపు జెర దగ్గరికెయ్, దుమ్మొస్తున్నది."

ఆ రోజే పద్నాలుగో రోజు కూడా. నాయన గుడ్డ కట్టి వడగట్టాడు, పిప్పిని పిండాడు, వెలుతురుకు పట్టి చూసి, "ఇంత మంచిగ ఎన్నడు దిగలే" అన్నాడు. మొదటి చెంచా తనే నింపి అక్క చేతికిచ్చాడు. చెంచా ఆమె వేళ్లలో నిలవలేదు. మందు దుప్పటి మీద పడింది.

నాయన చెంచాను చూశాడు. సీసాను చూశాడు. తర్వాత నా అరచేతి బొబ్బలు చూశాడు.

"ఎన్ని దినాలాయె?"

"తొమ్మిది."

చెంప సిద్ధం చేసుకున్నాను. ఆయన చెంచా తీసుకెళ్లి కడిగి బోర్లించాడు.

మర్నాడు జట్కాలో తిరుమలగిరికి బయలుదేరాం. రోడ్ల నిండా లారీలు, జనం, జైజైలు. ఎవరో ఉత్సాహవంతుడు, లారీ మీది సిపాయి మెడ అందక, మా గుర్రం మెడలో బంతిపూల దండ వేశాడు. గుర్రం అది తినేదాకా కదల్లేదు. అక్క నా భుజానికి తల ఆనించి, "దాని పెండ్లి గావచ్చు, తిననీ" అంది. తొందరపెట్టలేక అందరం కూర్చున్నాం. గుర్రం నెమ్మదిగా నమిలింది.

డాక్టరు అక్క వీపు మీద వేళ్లతో కొట్టి విన్నాడు. రాసుకుంటున్నాడు.

"పది దినాల ముందు తెస్తే?" అని నాయన అడిగాడు. పక్కనున్న నన్ను చూడకుండా అడిగాడు.

"పది దినాలకు ఏం ఫరక్ పడది" అన్నాడాయన తల ఎత్తకుండా.

నిజం కాబట్టి తల ఎత్తలేదా, బయట ఇంకా చాలామంది కూర్చున్నారు కాబట్టి ఎత్తలేదా? మూడేళ్లుగా అప్పుడప్పుడు రెండు రకాలుగానూ అనుకుని చూస్తున్నాను. మొదటిది నిజమైతే మా టింక్చరు, నా ఊపులు, నాయన షరతు, అన్నీ దండగ. రెండోది నిజమైతే, ఆ పది రోజులకూ ఫరక్ ఉండి ఉంటే, దండగ కానిది ఒక్కటే, నా అబద్ధం. అదొక్కటే పనిచేసినట్టు.

నాయన సంచిలోంచి సీసా తీసి, ఇది ఇవ్వచ్చా అని అడిగాడు. నీడలో ఆరబెట్టిందనీ, బరకగా దంచిందనీ, పద్నాలుగు రోజులు ఊపిందనీ చెప్పుకొచ్చాడు. ఎవరు ఊపారో చెప్పలేదు.

"ఇయ్యండి. నుక్సాన్ ఏం లేదు" అన్నాడు డాక్టరు.

అక్కను ఉంచేసుకున్నారు. చలికాలం సగంలో పోయింది. సీసాలో అప్పటికి సగానికి పైగా ఉంది.

స్పిరిట్ మళ్లీ వచ్చింది. నాయన తెప్పించలేదు. ఒకరోజు మూలనున్న జాడీలన్నీ ఖాళీ చెయ్యమన్నాడు. వాటిలో నానిన ఆకులు, వేళ్లు, పిప్పి, అన్నీ నేను మోరీలో గుమ్మరించాను. మూడు రోజులు స్నానాల నీళ్లు వాకిట్లోనే నిలిచాయి. పిప్పిని ముందు ఆరబెట్టి, తర్వాత చెత్తలో వెయ్యాలి. తడిగా పోస్తే మోరీ మూసుకుపోతుంది.