రెండో సీజన్‌పై నా ఉపన్యాసం

కూర్మన్నపాలెంలో ఇప్పటికీ నన్ను చూసి నలుగురు నవ్వుతున్నారంటే దానికి కారణం నా రూపం కాదు, ఒకే ఒక్క ఉపన్యాసం. ఇరవై నిమిషాల్లో ఒక మనిషి తన పరువును ఎంత లోతున పాతిపెట్టుకోగలడో చెబుతాను, కాస్త మంచినీళ్లు తాగి కూర్చోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కేబుల్‌లో ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. ముసుగు వేసుకుని దుర్మార్గుల్ని చితక్కొట్టే వీరుడి కథ. మొదటి సీజన్‌లో ఆయన గాల్లో ఎగిరాడు, మేం చప్పట్లు కొట్టాం. రెండో సీజన్ అలా ఉండదనీ, అంతా చీకటి కథేననీ, వీరుడికి తన మీద తనకే అసహ్యం పుడుతుందనీ పేపర్లో రాశారు. చదివి పులకించిపోయాను. అర్థంకాని వాటి గురించి మాట్లాడటమంటే అప్పట్లో నాకు ప్రాణం. పైగా మా క్వార్టర్స్ క్లబ్బుకు కల్చరల్ సెక్రటరీని ఎన్నుకోబోతున్నారు. ఈ సీరియల్ మీద గంభీరంగా ఒక ఉపన్యాసం దంచితే ఆ పదవి నాదేనని తీర్మానించుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చారు. టీవీ వెలుగు కళ్లలో పొడుస్తోందన్నారు. నేనేమో స్టీల్ ప్లాంట్‌లో ఫర్నేసు ముందు నిలబడేవాణ్ణి. వెలుగు ఎక్కువైతే నల్లద్దం అడ్డుపెట్టుకోవడం తప్ప మాకు వేరే వైద్యం తెలీదు. మా షాపు వెల్డరు అప్పలనాయుడి చేత నల్లటి ప్లాస్టిక్ అద్దం కోయించి టీవీకి బిగించాను. ఆ అద్దాన్ని మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

సీరియల్ ఆదివారం పదకొండింటికి. కిటికీలన్నీ బార్లా తెరిచి, బనీను మీద, కాఫీ గ్లాసు పట్టుకుని, అందరికంటే ముందు టీవీకి మూరెడు దూరంలో కూర్చునేవాణ్ణి. తెర మీద చీకటి. చీకట్లో కేకలు. ఆ తర్వాత మళ్లీ చీకటే.

"ఏటండీ, ఏటీ అగుపడట్నేదు. టీవీ పాడైపోనాదేటో!" అంది మా ఆవిడ రమణమ్మ.

"వార్తలు కనబడుతున్నాయి కదే? పాటలు కనబడుతున్నాయి కదే? టీవీకేం కాలేదు. ఇది కళ" అన్నాను.

"ఆ పచ్చ సొక్కావోడు మళ్లీ వొచ్చినాడు బాబూ. రైలు పేల్సేసినాడు" అన్నారు వెనక ఓ పక్కగా కూర్చున్న అత్తగారు.

ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు, కళ్లకు ఆపరేషన్ అయి నెల కాలేదు. జాలిపడి, "మీరు కాస్త రెస్టు తీసుకోండి అత్తయ్యగారూ" అన్నాను.

ఎనిమిది వారాలు అలా చూసి క్లబ్బులో మైకు పట్టుకున్నాను. హాలు నిండా జనం. మొదటి వరసలో అప్పలనాయుడు, మా ఆవిడ, పక్కన అత్తగారు.

"మిత్రులారా! ఈ సీజన్‌లో విలన్ లేడు. మన లోపలి చీకటే విలన్!"

"విలన్ నేకపోడమేటి బావా?" అప్పలనాయుడు లేచాడు. "పచ్చ సొక్కా, బట్టతల! రైలు పేల్సినోడెవడు మరి?"

అత్తగారు నా వైపు చూసి తల ఊపారు. నేను పట్టించుకోలేదు. పదవి ముందు నాకు ఎవరూ కనబడటం లేదు.

"పైపైన చూసేవాళ్లకు రైళ్లే కనబడతాయి. నాకు కనబడినది వేరు. ఆ చీకట్లో ఒక సామాన్యుడు కూర్చుని మనవైపే చూస్తుంటాడు. ఒంటి మీద బనీను, చేతిలో గ్లాసు. ముఖంలో ఎంత అయోమయం! మనం గ్లాసెత్తితే తనూ ఎత్తుతాడు. మనం ముందుకు వంగితే తనూ వంగుతాడు. ప్రేక్షకుణ్ణి ఇంతగా అర్థం చేసుకున్న దర్శకుడు మరొకడు పుట్టలేదు!"

హాల్లో అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జనం చలించిపోయారనుకున్నాను.

"బనీనోడా? మా టీవీలో ఎప్పుడూ రానేదే!" అన్నాడు అప్పలనాయుడు. అంతలో ఏదో తట్టినట్టు ముఖం వెలిగింది. "బావా, నాను కోసిచ్చిన నల్లద్దం ఇంకా టీవీకే ఉందేటి?"

అద్దం సంగతి నాకు గుర్తొచ్చింది. అప్పుడు మా అత్తగారు, అల్లుడి పరువు కాపాడాలని కాబోలు, నా పక్కకొచ్చి చాలా మెల్లగా అన్నారు. మైకు మాత్రం ఆ మాటను హాలంతటికీ పంచిపెట్టింది.

"ఆ బనీనాయన మీరే బాబూ."

కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. రమణమ్మ కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది, సానుభూతితో మాత్రం కాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కల్చరల్ సెక్రటరీ పదవి అప్పలనాయుడికి వెళ్లింది. క్లబ్బువాళ్లు పెద్ద మనసుతో నన్నూ వదిలిపెట్టలేదు, ఏకగ్రీవంగా లైటింగ్ కమిటీలో వేశారు.

అందుచేత, ఒంటినిండా చందనం కప్పుకుని ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూపించే సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ కళాఖండాన్ని పొగడాల్సి వచ్చినా, ముందు లేచి వెళ్లి టీవీని తడిమి చూస్తాను, బనీను మీద చొక్కా తొడుక్కుంటాను, ఆ తర్వాత మా అత్తగారిని కథ అడుగుతాను.