పథ్యం చెప్పని డాక్టరు

కంకిపాడులో మా ఇంటికీ రూతు వదిన ఇంటికీ మధ్య ఒక పిట్టగోడ ఉంది. వదిన అంటే చుట్టరికమేమీ కాదు. వాళ్ళు చర్చికి వెళతారు, మేము గుడికి వెళతాం, కూర గిన్నెలు మాత్రం ఆ గోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఆమె ఆర్టీసీలో ఇరవై ఏళ్ళకు పైగా కండక్టరుగా పనిచేసింది, అందులో ఎక్కువ భాగం బందరు రోడ్డు మీదే.

ప్రశ్నలు అడగడం ఆమెకో వ్యసనం. టికెట్ కొట్టి చిల్లర చేతిలో పెట్టేలోపు ఎదుటి మనిషి ఏ ఊరు వెళ్తున్నాడు, ఎందుకు వెళ్తున్నాడు, వాళ్ళావిడ నడుంనొప్పి తగ్గిందా లేదా అన్నీ లాగేసేది. ఒకసారి నేను బెజవాడ నుంచి ఆమె బస్సులోనే వస్తున్నాను. బుట్టలో బాతులు పెట్టుకుని ఎవరో ఎక్కాడు. వీటికి వానలో తడిస్తే జలుబు చెయ్యదా అని అడిగింది. అతనికి తెలియదు. వెనక సీట్లో పెద్దాయన్ని అడిగింది. ఆయనకూ తెలియదు. నేను కంకిపాడులో దిగేదాకా బస్సంతా బాతుల జలుబు గురించే వాదించుకున్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఇంటికొచ్చాక మా ఆయన్ని నేనూ అదే అడిగాను.

అలాంటి మనిషి ఒక్క ప్రశ్న అడగలేక నెలల తరబడి ఒళ్ళు గుల్ల చేసుకుంది. నేను చెప్పబోయేది ఆ సంగతే.

రెండేళ్ళ కిందట ఆమెకు రొమ్ము కేన్సరని తేలింది. బెజవాడలో ఆపరేషను చేశారు, కీమో ఇచ్చారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టంతా ఊడి మళ్ళీ ఉంగరాలుగా వచ్చింది. ఆ ఉంగరాలు ఎందుకొచ్చాయని నర్సుల్ని వేధించింది కూడా. అన్నీ అయ్యాక చివరగా డాక్టర్ సింధూరి గారి గదిలోకి వెళ్ళాం. వదిన, వాళ్ళమ్మాయి కృప, నేను. కృప గన్నవరంలో ఉద్యోగం చేస్తుంది, ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చింది.

"ఇంక అమ్మకి ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదండీ?" అని అడిగింది కృప.

"అన్నీ తినొచ్చండి, పథ్యం ఏమీ లేదు. కూరలూ పళ్ళూ ఎక్కువ తినండి, రోజూ నడవండి. ఈ బిళ్ళ మాత్రం మానొద్దు, ఏళ్ళ తరబడి వాడాలి" అంది డాక్టరమ్మ, కంప్యూటరులో ఏదో చూసుకుంటూనే.

కృపా నేనూ మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. నేనైతే గోంగూర మాంసం ఎప్పుడు చెయ్యాలా అని ఆలోచిస్తూ బస్సెక్కాను. వదిన కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు వచ్చి నిలబడ్డా పలకరించలేదు. కలెక్షనెలా ఉందమ్మా అని కూడా అడగలేదు. అలసిపోయిందనుకున్నాను.

సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"రాజ్యం, ఆమె నాకు పత్యం చెప్పలేదే."

"సంతోషించక ఏడుపు మొహం ఎందుకు వదినా?"

"ఆమోసుకి కూడా చెప్పలేదు" అంది, పోయిన మొగుణ్ణి తలుచుకుని.

అప్పటికిగానీ నాకు వెలగలేదు. మా వైపు పథ్యం లేని మందు మందే కాదు. పచ్చకామెర్లకు ఆకు పసరు పోసినవాడు ఉప్పు, నూనె మానమంటాడు. బాలింతకు వంకాయ పెట్టరు. కుట్లు పడితే గోంగూర ముట్టనివ్వరు. ఏదో ఒకటి వద్దన్నారంటే, ఈ మనిషి నిలబడతాడని వాళ్ళకు నమ్మకం ఉన్నట్టు. ఏదీ వద్దనలేదంటే ఆ నమ్మకం పోయినట్టు. వదిన భర్త ఆమోసు అన్నయ్య లివరు పాడై ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్ద డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండమ్మా, ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడట. ఆయన బొమ్మిడాయిల పులుసు అడిగాడు. వండి పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు. ఆ నెల దాటలేదు.

"అది వేరు, ఇది వేరు. అంతగా అనుమానంగా ఉంటే ఆ డాక్టరమ్మనే అడుగు" అన్నాను.

"అడిగితే ఆమె మొహం పక్కకి తిప్పుకుందనుకో, అప్పుడేం చెయ్యను?"

తాను బతుకుతుందా లేదా అన్నది ఒక్కటే ఆమెకు కావాలి, ఆ సంగతి తెలిసిన మనిషిని మాత్రం అడగలేదు. అందుకని ఊళ్ళో వాళ్ళందర్నీ అడగడం మొదలుపెట్టింది.

వద్దని చెప్పేవాళ్ళకు మన దగ్గర కరువా? పంచదార తింటే గడ్డ మళ్ళీ లేస్తుందని చర్చిలో ఒకావిడ చెప్పింది. పాలు విషమని ఒకరు, పాలు తప్ప ఏదీ తాగొద్దని ఇంకొకరు. మీల్‌మేకర్ రోజూ తినమని ఒకరు చెబితే, దాని పేరు ఎత్తితేనే చెవులు మూసుకున్నారు మరొకరు. లక్ష్మణఫలం ఆకులు కాచి తాగమని సంచీడు ఆకులు తెచ్చి గుమ్మంలో పోసి వెళ్ళారు. నాకు చిరాకుతో పిచ్చెక్కేది. వదిన మాత్రం ఒక్కొక్క వద్దూ వినేకొద్దీ తేరుకునేది. చేపలు మానేసింది, పెరుగు మానేసింది, బెల్లం మానేసింది. మానేసిన ప్రతిసారీ గోడ దగ్గరికి వచ్చి, గెలిచిన దానిలా చెప్పేది.

చివరకు రామకోటేశ్వరరావు అనే ఆయన దొరికాడు. ఏదో ఉద్యోగం చేసి రిటైరై, బెజవాడలో ఒక మేడ మీద గదిలో కూర్చుని ప్రకృతి ఆహారం గురించి చెబుతుంటాడు. ఆయన వదిన చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని, వరి అన్నం కూడా మానెయ్యమన్నాడు. కృష్ణా కాలవ నీళ్ళు తాగి పెరిగిన మనిషిని అన్నం మానమన్న ఆ మొనగాణ్ణి చూడాలని నాకూ అనిపించింది. పైగా పసుపుతో చేసిన బిళ్ళల డబ్బాలు మూడు అంటగట్టాడు. పూటకు రెండు మింగాలట.

"ఇంత పత్యం ఎవరూ చెప్పలేదే రాజ్యం!" అంటూ ఆ డబ్బాలు గోడ మీద వరసగా పెట్టింది. ఆమె మొహం అంత వెలిగిపోవడం చూసి ఎన్ని నెలలయిందో! కోప్పడదామని నోరు తెరిచి మూసుకున్నాను.

కొర్రలూ ఉడకబెట్టిన ఆకులూ తిని ఆ వెలుగు ఎన్నాళ్ళుంటుంది? రవికెలు వదులయ్యాయి. చర్చి మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకోవలసి వచ్చేది. కృప వచ్చినప్పుడల్లా ఏడ్చేది, వదిన వినేది కాదు. వాళ్ళమ్మాయి తెచ్చిన ఆపిల్సు నేను తిన్నాను, ఏం చెయ్యను మరి, పారేస్తామా?

అయితే కండక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "రాజ్యం, ఇవి మింగి తగ్గినోళ్ళని ఎవరైనా కళ్ళారా చూశారా? ఎవర్నడిగినా తోడికోడలి పిన్ని అంటారు, ఆడపడుచు అత్తగారంటారు. ఆ మనుషులెక్కడ?"

"నువ్వే కనుక్కో" అన్నాను, వెటకారంగానే. ఆమె నిజంగానే కనుక్కుంది. రామకోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి వదలకుండా పీడిస్తే, మైలవరంలో సువార్తమ్మ అనే ఆవిడకు ఈ బిళ్ళలతోనే తగ్గిందని చెప్పాడు. మర్నాడే బయలుదేరదీసింది. ఎండలో బెజవాడ బస్టాండులో బస్సు మారి మైలవరం వెళ్ళాం. దిగాక కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ పోయింది. అలసిపోయి అరుగులు వెతుక్కునే మనిషి కాస్తా ఆ రోజు నాకంటే ముందు నడిచింది.

సువార్తమ్మ గుమ్మంలో పీట వేసుకుని చేపలు తోముతోంది. దిట్టంగా ఉంది. మేము వచ్చిన పని చెప్పగానే చేతులు కడుక్కుని లోపలికి పిలిచింది.

"ఆ బిళ్ళలతోనే తగ్గిందని చెప్పాడా ఆయన? ఆపరేషనయిందని చెప్పలేదూ? కీమో కుర్చీలో కూర్చుని పేగులు బయటికొచ్చేలా కక్కానని చెప్పలేదూ?"

"లేదండీ" అంది వదిన.

"అవన్నీ అయ్యాక మింగానమ్మా. పది రోజులకి కడుపులో మంటలు. తీసుకెళ్ళి పెంటకుప్పలో పోశాను. మానేశానని ఫోన్ చేసి చెప్పాను కూడానూ."

వదిన ముందుకు వంగింది. "డాక్టరు మీకు పత్యం ఏం చెప్పిందండీ?"

"ఏం చెప్పలేదు. అన్నీ తినమంది."

"ఎన్నాళ్ళయింది?"

"మా మనవడు పుట్టిన ఏడు. వాడిప్పుడు నాలుగో క్లాసు."

వదిన ఇంకేమీ అడగలేదు. సువార్తమ్మ భోజనం చెయ్యమంటే వద్దంది, మజ్జిగ ఇస్తే మాత్రం గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగేసింది.

"ఆమెని కూడా అన్నీ తినమన్నారుగా" అంది, తిరుగు బస్సు కొండపల్లి దాటాక.

"అన్నారు."

"బతికే ఉందిగా."

"నీకంటే నాకంటే బాగుంది."

"అది ఆమె జబ్బు. నా జబ్బు సంగతి నేనే అడగాలి కదే" అంది. అలా అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఎంత భయపడుతోందో నాకు అప్పుడు తెలిసింది. నేను వేసిన వెటకారాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నర్సు బరువు చూసి, రక్తం తీసుకుంది. రిపోర్టు వచ్చాక లోపలికి పిలిచారు. సింధూరి గారు కాగితం పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. తర్వాత మెల్లగా, "లివరు కొంచెం దెబ్బతిందండీ. బరువు కూడా బాగా తగ్గారు. ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది. ఆ మెల్లని గొంతు వినగానే వదిన మొహం పాలిపోయింది. సంచిలోంచి డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడే అడిగింది.

"అమ్మా, నాకు పత్యం చెప్పలేదు మీరు. అన్నీ తినమన్నారు. నన్ను వదిలేశారా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను ఆమోసు అన్నయ్య సంగతి, వరండాలో ఆ పెద్ద డాక్టరు అన్న మాట, ఈ అన్నం మానెయ్యడాలూ అన్నీ గబగబా చెప్పేశాను. ఆ డాక్టరు పిల్ల వింటూ వింటూ పెన్ను కింద పెట్టింది. మెడ మీద నరం లేచింది.

"వదిలేసిన మనిషికి ఏళ్ళ తరబడి వాడమని మందెందుకు రాస్తానండీ? రోజూ నడవమని ఎందుకు చెబుతాను? మీకు జబ్బు తగ్గింది కాబట్టి తినమన్నాను! తగ్గాక ఒంట్లోకి బలం రావద్దా? అన్నం మానెయ్యమన్న ఆ మహానుభావుడెవరు? ముందు ఆయన్ని పిలవండి, ఆయనకి తినిపిస్తాను ఆ ఆకులు!"

"పసుపేగదండీ…" అని గొణిగింది వదిన.

"కూరలో చిటికెడు పసుపా ఇది? ఎంత కూర తింటే ఇంత పసుపొస్తుంది, చెప్పండి! పైగా మిరియాల సారం కలిపి, ఒంట్లోకి ఇంకా ఎక్కువ పట్టేట్టు చేశారు. ఇలాంటివి కొందరికి లివరు పాడు చేస్తాయి. నేనిచ్చిన బిళ్ళ పని కూడా తగ్గించొచ్చని అనుమానం ఉంది. ఏ బిళ్ళతో మిమ్మల్ని కాపాడుకుందామని నేను చూస్తున్నానో, దాని కాళ్ళు మీరే విరగ్గొడుతున్నారు! నెమ్మదిగా చెబితే వినరు మీరు. ఇవాళ్టి నుంచి ఇవి బంద్. చేప తినండి, గుడ్డు తినండి, పప్పు తినండి, పెరుగు తినండి, మీల్‌మేకర్ కావాలంటే కూరలో వేసుకోండి. కాల్షియం గానీ ఇంకోటి గానీ కావాలో వద్దో రక్తపరీక్ష చూసి నేను చెబుతాను. నన్నడక్కుండా ఇంకొక్క డబ్బా మూత తీశారో, చూడండి మరి!"

ఆ అరుపులకు బయట కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూశారు. నర్సు వచ్చి తలుపు మూసింది. ఈ పెద్దామె ఏడుస్తుందేమో, పట్టుకోవాలేమో అనుకుని వదిన వైపు తిరిగాను. వదిన నవ్వుతోంది. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు.

డాక్టరమ్మ కంగారుపడి లేచింది. "సారీ అండీ, గట్టిగా మాట్లాడేశాను" అంది.

"ఆమోసునెవరూ తిట్టలేదమ్మా" అంది వదిన. "అందరూ ఎంతో మెత్తగా మాట్లాడారు."

డాక్టరమ్మ కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ కాగితం అందుకుంది.

"నెల తర్వాత రండి, లివరు మళ్ళీ చూద్దాం. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. బరువు పెరగకపోతే ఇంతకంటే ఎక్కువ తిడతాను."

"తిట్టు తల్లీ" అంది మా వదిన. "ఎన్నేళ్ళయినా సరే, వచ్చి తిట్టించుకుని పోతా."