అమ్మవారు పోసిందన్నారు

నలభై దాటాక నా నుదుటి మీదా బుగ్గల మీదా లేత పసుపు రంగులో చిన్న గింజలు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు టేపు వంక కాకుండా నా మొహం వంకే చూసేవారు.

"అయ్యేందక్కా? అంటుకుంటయ్యా?" అని ఒకామె అడిగేసింది.

నరసరావుపేటలో చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. చర్మం కింద నూనె గ్రంథులు పెద్దవై అలా పైకి తేలతాయనీ, ప్రమాదమేమీ లేదనీ, వదిలేసినా ఫర్వాలేదనీ ఆవిడ చెప్పింది. తీసేయమన్నాను. మత్తు క్రీము రాసి, సన్నటి కరెంటు సూదితో ఒక్కొక్కదాన్నీ కాల్చింది.

"చెక్కులు కడతాయి. ఎండలోకి వెళ్ళొద్దు. ఈ ఆయింట్‌మెంట్ తప్ప ఇంకేదీ రాయొద్దు" అంది.

గురజాల దగ్గర మా ఊరు. మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. సోకుకి మొహం కాల్చుకున్నానంటే అత్తయ్య ఊరుకునే మనిషి కాదు. మర్నాడు పొద్దున నల్లటి చెక్కులతో వంటింట్లోకి వచ్చిన నన్ను చూసి, చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఓయమ్మో, తల్లి పోసిందే!" అని రెండు చేతులూ జోడించింది.

నోరు తెరిచాను. ఆమె వెనక నిలబడ్డ మా ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత చెప్పే వీలే లేకపోయింది.

గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాళింపు మానేశారు. కుట్టుపనికి వచ్చినవాళ్ళను వాకిట్లోంచే పంపేశారు. నన్ను వెనక గదిలో చాప మీద పడుకోబెట్టి, కిటికీ మూసి, పెరుగన్నం గడప దగ్గర పెట్టేవారు. కరెంటు పోతే ఊపిరాడేది కాదు. అత్తయ్య వచ్చి జ్వరం లేని నా ఒంటిని తడిమి, "తల్లి చల్లగా చూస్తంది" అనుకుంటూ పోయేది.

ఒకరోజు వేపాకూ పసుపూ నూరి ముద్ద తెచ్చింది. వెనక్కి జరిగాను. వీపుకు గోడ తగిలింది.

"మొహానికొద్దత్తయ్యా, మండుద్ది."

"తల్లికి అడ్డం చెప్తావా? కదలమాక."

ముద్దను వేళ్ళతో తీసుకుంది. నాకేమవుతుందోనని నిద్రమాని కూర్చుంటోందని మా ఆయన చెప్పాడు. అలాంటి మనిషితో ఇదంతా అబద్ధమని ఎలా అనను? కళ్ళు మూసుకుని రాయించుకున్నాను. మంటకు ఏడుపొచ్చింది.

చెక్కులు రాలాయి. గింజలు పోయి, రెండు మచ్చలు మిగిలాయి. అత్తయ్య పోలేరమ్మకు పొంగళ్ళు మొక్కుకుందట. పొంగలి గిన్నె నా నెత్తికెత్తి వీధి వెంట నడిపించింది.

"చూడండే! తల్లి పోతాపోతా కోడలి మొహం కడిగిపోయింది" అని అందరికీ చూపించింది.

గుడి దగ్గర పక్కింటి పిన్ని నన్ను చాటుకు పిలిచింది. ఆమె బుగ్గల మీదా అవే గింజలు.

"నన్నేమని మొక్కుకోమంటావే?" అని అడిగింది.

ఆమెకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంకెవురికీ చెప్పమాక. మీ అత్త తలెత్తుకోలేదు" అంది.

ఏడాది తిరిగేసరికి నుదుటి మీద మరో రెండు గింజలు లేచాయి. అత్తయ్యే ముందు చూసింది. తల్లి గుర్తుచేస్తోందంటూ మళ్ళీ పొంగళ్ళకు కొత్తబియ్యం తెప్పించింది.

గిన్నె నెత్తిన పెట్టుకుని నడిచాను.