చిట్టెమ్మ ఫోన్ ఆపొద్దు

నా పేరు మైలపల్లి నూకాలమ్మ. కార్డులో డెబ్బై నాలుగేళ్లు అని రాశారు, ఇంకో రెండు కలుపుకోండి. మాది కళింగపట్నం. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు గౌరి. మనవడు సింహాద్రి నిన్న సాయంత్రమే దూరదేశం పనికి బయలుదేరాడు.

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, దూరాన పనిలో ఉన్న మన ఊరి పిల్లలందరికీ పంపడానికి గౌరి టైప్ చేస్తోంది.

నిన్న పొద్దున నెత్తళ్ల చేపలు ఎండేస్తుంటే వీధిలోంచి కేక.

"నూకాలమ్మా, బేగి రాయే."

నా నోట ముందు వచ్చిన మాట, "ఎవుల పిల్లడే?"

మా వీధిలో సగం ఇళ్ల పిల్లలు విమానాలెక్కి పనికి పోతారు. కేక వినపడితే చాలు, ఆడవాళ్లందరికీ అదే భయం.

పిల్లలు కాదు.

చిట్టెమ్మ.

నా మరిది భార్య, నా తోడికోడలు. టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయిందట. నేను వెళ్లేసరికి టీ ఇంకా వేడిగానే ఉంది.

మీలో చాలామంది ఆమెకు ఎయిర్‌పోర్ట్ లైట్ల ఫోటోలు పంపినవాళ్లే. ఎందుకు అడిగేదో మీకెవరికీ చెప్పలేదు. నేను చెబుతాను.

మా మరిది వేటకి వెళ్లిన ఆఖరి రోజు, పొద్దు వాలే వేళ చిట్టెమ్మ ఒడ్డున నిలబడి పడవల దీపాలు చూసింది. అన్నీ వచ్చాయి. ఒక్కటి రాలేదు. ఆ తర్వాత ఎవరు బయటికి వెళ్లినా, చేరామని దీపం చూపిస్తే తప్ప ఆమె నమ్మలేదు.

నాలుగేళ్ల క్రితం ఎండుచేపల ట్రైనింగ్ అని మా ఆడవాళ్ల గ్రూపును విమానంలో తీసుకెళ్లారు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా చిట్టెమ్మ కళ్లు తెరవలేదు. నా చెయ్యి పట్టుకుని గోళ్లు దింపేసింది.

దిగి లోపలికి నడుస్తుంటే పైన ఏదో వేలాడుతోంది. వల ఆరేసినట్టు గాజు గొట్టాలు. వాటిలో రంగులు పాకుతున్నాయి, ఎరుపు, పచ్చ, నీలం.

చిట్టెమ్మ ఆగిపోయింది.

"అక్కా, ఒడ్డుకొచ్చీసినామే."

"ఒసే, నడవ్వే. జనం సూస్తన్నారు."

నా మాట వినలేదు. నా ఫోన్ లాక్కుని తలెత్తి ఫోటో తీసింది. సెక్యూరిటీ ఆమె వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. కెమెరాకి అడ్డంగా ఉన్న చిట్టెమ్మ వేలు పక్కకు జరిపి, "ఇప్పుడు తియ్యమ్మా" అంది.

అప్పటి నుంచి మొదలైంది. ఊరు దాటే ప్రతి పిల్లాడికీ అదే ఆర్డర్.

"ఒరే, దిగీసరికి రంగుల లైటు ఫోటో ఎట్టాల. నీ మొకం నాకొద్దు. నీ మొకం ఇక్కడ సూసినాను."

నీలం కెరటంలా ఉంటే ఒక ఊరు. ఎర్ర బుట్టలు వేలాడితే ఇంకో ఊరు. ఆకుపచ్చ చెట్టులా వెలిగితే మరొకటి. బోర్డు చదవలేని మనిషి లైటు చూసి ఏ దేశమో చెప్పేది. ఫోటో వచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు. వచ్చాక వాయిస్ పెట్టేది, "సూసినాను. కూడు తినీ."

ఒకసారి మా వీధి అప్పలరాజుకి మధ్యలో మారాల్సిన విమానం తప్పిపోయింది. ముసలిది తినకుండా కూర్చుంటుందని, తన అన్న అంతకుముందు పంపిన లైటు ఫోటోనే మళ్లీ పంపేశాడు.

ఆమె అక్షరాలా ఇలా అంది. "ఒరే అప్పలరాజూ, ఈ మూల పసుపు సీర మనిసి నీ అన్నొచ్చినప్పుడూ ఈడే నిల్సున్నాది. నాలుగు నెల్ల నుంచీ కదల్నేదేట్రా?"

వాడు ఫోన్‌లోనే ఏడ్చేశాడు.

నేను నవ్వేదాన్ని. "లైటు సూత్తే ఇమానం పడదేటే?" అని ఎగతాళి చేసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదుగా ఉంది.

నిన్న సింహాద్రి ఆమె పాడె మోశాడు. వీసా గడువు ఆగదు కదా, స్నానం చేసి అటు నుంచి అటే బయలుదేరాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"నానమ్మా, పొటో ఎవులికెట్టాల?"

వాడి సంచీ చేతికిచ్చి బయలుదేరమన్నాను.

ఇవాళ పొద్దున చిట్టెమ్మ అల్లుడు, "పెద్దత్తా, పోయిన మనిసికి ఫోనెందుకు? సిమ్ము తీసీసి మా పిల్లకిచ్చీద్దాం" అన్నాడు.

"ఆ ఫోన్ ముట్టుకుంతే ఊరుకోను నాయనా" అన్నాను.

ఫోన్ నా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఛార్జింగ్ తగ్గుతుంటే భయం. పక్కింటి ఫోన్ మోగితే భయం. సింహాద్రి దిగాల్సిన టైమ్ దాటి గంటయింది అంటోంది గౌరి. ఇన్నేళ్లూ చిట్టెమ్మ ఒక్కర్తే ఇంత భయాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చుందా?

ఇది చెబుతుండగానే ఫోన్ మోగింది.

ఫోటో. చిట్టెమ్మ నంబర్‌కే పంపాడు.

ఊదా రంగు, మధ్యలో నారింజ. పువ్వో, పీతో నాకు తెలియలేదు. "అదే ఊరు నానమ్మా, దిగాడు" అంది గౌరి, ఫోటోలోని బోర్డు చదివి. అక్షరాలు నాకు రావు. లైట్లు చదవడం చిట్టెమ్మకు వచ్చు, నాకు అదీ రాదు. గౌరి చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

గౌరి వాయిస్ బటన్ నొక్కి పట్టుకుంది. నేను అన్నాను, "సూసినాను. కూడు తినీ."

అందుకే చెబుతున్నాను పిల్లలూ. నంబర్ అదే. ఫోన్ నా దగ్గర ఉంటుంది, నేను ఉన్నన్నాళ్లూ ఆగదు. దిగగానే పంపండి. పాతవి పంపితే నేను కనిపెట్టలేను. అంచేత పంపొద్దు.

చిట్టీ, అందరి లైట్లూ చూశావు. నువ్వు చేరావని మాకు చూపించే లైటు లేదే. అదే నా భయం.

మరిది పడవ ఉన్న ఒడ్డుకే నువ్వూ చేరాలి. చేరి, నిమ్మళంగా కూడు తిను.

మైలపల్లి నూకాలమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర. కాగితం మీద వేసి, దాని ఫోటో ఈ మాటల కింద పెట్టించాను.

చూసినవాళ్లు: గౌరి, మనవరాలు. పార్వతి, చిట్టెమ్మ కూతురు.