గోటికి తగిలే గీత

రెండువేల పందొమ్మిదో సంవత్సరం జూన్ తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. గాలి ఆడడం లేదు. తెల్లవారుజామున రాలిన నాలుగు చినుకులకు వీధిలో దుమ్ము అణగింది. ఎండ ఇంకా ఎదుటి మేడల వెనుకనే ఉంది. ఆ వేళ నేను మా చెల్లెలి ఇంటి గేటు తీస్తుండగా లోపలినుంచి నాకు లభించిన స్వాగతం ఇది:

"బావగారూ, ఆగండాగండి! చెప్పులు బయటే. గోడ వారగా రండి. ఆ చేతిసంచీ ఊపకండి, దుమ్ము రాలుతుంది."

ఈ మాటలన్నది చెల్లెలి భర్త. వృత్తిరీత్యా కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చులను బట్టి గులాబిరంగు చిగుళ్ళు పోతపోసి, పళ్ళు పొదిగి, మెషిన్ మీద మెరుగు పెట్టడం ఇరవై తొమ్మిదేళ్ళుగా అతని పని. పనిలో దిట్ట, కాదనను. అప్పట్లో నా నోట్లో ఉన్న పై పలువరుస కూడా అతని చేతి పనే. బంధువులలో అతనికి 'తళతళ బావ' అని పేరు. ముద్దుగా పిలుస్తున్నారని అతనూ, వెక్కిరిస్తున్నామని వారూ నాలుగేళ్ళుగా ఎవరి నమ్మకంలో వారున్నారు.

నాలుగేళ్ళంటే, కారు కొన్ననాటినుంచి.

ముదురు నీలం కారు. ఈ నాలుగేళ్ళలో అది తిరిగింది పదకొండు వందల కిలోమీటర్లు. తక్కిన కాలమంతా ఇంటి ముందరి రేకుల షెడ్డులో మూడు ముసుగుల కింద గడిపింది. ఆదివారమైతే చాలు ముసుగులు తీయడం, కడగడం, తుడవడం, మళ్ళీ కప్పడం. ఇంట్లో మెత్తని తువ్వాళ్ళన్నీ కారువి, గరుకువి మనుషులవి. ఒకనాడు జ్వరంతో ఉన్న మా చెల్లెలు నుదుటి మీద తడిగుడ్డ వేసుకుందామని బీరువాలోంచి ఒక మెత్తని గుడ్డ తీస్తే, "అది డోర్లది, పెట్టెయ్" అన్నాడట. ఆ ముక్క ఆమె నాకు నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఉదయం నేను వెళ్ళడానికి కారణముంది. మా చెల్లెలు లెక్కల టీచరు. ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక బడివాళ్ళు ఆమెకు ఉద్యోగమిచ్చి, సోమవారం ఎనిమిది గంటలకల్లా వచ్చి చేరమన్నారు. అటువైపు మొదటి బస్సు చేరేది తొమ్మిదింటికి. ఇలాంటి ఉద్యోగమే అంతకు ముందు ఏడాది ఇదే కారణంగా చేజారింది. ఆ పిమ్మట ఆమె నలభై ఎనిమిదేళ్ళ వయసులో కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలైనా కారు తాళం మాత్రం చేతికి రాలేదు.

తాళానికి అడ్డుపడినది ఒక గీత. నేర్చుకునే రోజుల్లో ఆమె బానెట్ మీద బ్యాగు పెడితే దాని ఇత్తడి బకిల్ రాసుకుని, ఎడమ అంచున జానెడు మేర గీత పడింది. ఆమె తాళం అడిగినప్పుడల్లా అతను బానెట్ వైపు చూపించేవాడు. చివరికి, "మెరుగు పని నేనే చేస్తాను. ఆ గీత పోయిన రోజు తాళం నీ చేతికిస్తాను" అని మాటిచ్చాడు.

శనివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "రేపు చేస్తున్నారు అన్నయ్యా. నువ్వు ఎదురుగా ఉంటే మాట తప్పరు. రా." అందుకు వెళ్ళాను.

షెడ్డులో నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. కారు కడగడం అప్పటికే అయిపోయింది. అతను మురికిని లాగే, సబ్బు ముద్దలాంటి పసుపుపచ్చని బంకను తడిచేసి తలుపు మీద రుద్ది, ఎత్తి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"చూడండి బావగారూ. ఇందాక కడిగిన తలుపే ఇది!"

ఆ బంక మీద నల్లని జిడ్డు, తారు చుక్కలు, ఎండిన పిట్ట రెట్ట తాలూకు తెల్లని గరుకు, ఏదో పురుగు కాలు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అతని ముఖంలో మాత్రం పండగ. లోకం ఎంత రోతగా ఉందో తన చేత్తో పట్టి చూపించగలిగానన్న ఆనందమది. బంకను మడిచి, లోపలి శుభ్రమైన భాగం పైకి తెచ్చి, రెండో తలుపు అందుకున్నాడు.

తరువాత అంచులకు టేపు అతికించి, గుండ్రని స్పాంజి బిళ్ళ బిగించిన బఫింగ్ మెషిన్ చేతబట్టాడు. పాలిష్ చుక్కలు పెట్టి రెండు తలుపులూ మెరుగు పెట్టాడు. నిజం చెప్పాలి: పని బాగుంది. టార్చి వేస్తే ఇదివరకు సాలెగూడులా కనిపించిన సన్నని గీతల వలయాలు మాయమై, గడ్డం కింద నేను గీసుకోవడం మరిచిన వెంట్రుకలు సైతం తలుపులో కనిపించాయి.

అప్పుడతను వంగి, నాలుక కొసను తలుపుకు ఆనించాడు.

"ఛీ! ఏమిటండీ అది?" అంది మా చెల్లెలు.

"వేలికి తెలియనిది నాలిక్కి తెలుస్తుందే. పళ్ళ సెట్లకీ అంతే, బావగారూ. ప్యాక్ చేసేముందు ఒక్కసారి ఇలా ఆనించి చూస్తా. ఎక్కడ గరుకున్నా దొరికిపోతుంది."

నా నాలుక నా ప్రమేయం లేకుండానే పై పలువరుసను తడిమి వెనక్కి ముడుచుకుంది.

"నాది కూడానా?"

"మీది రెండుసార్లు చూశాను బావగారూ. మనవాళ్ళది కదా!"

పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు నోరు పుక్కిలించి వచ్చేసరికి, అతను బానెట్ దగ్గర నిలబడి గీతకు అడ్డంగా గోరు నడుపుతున్నాడు. గోరు టక్కుమని ఆగింది.

"ఏవండీ, దాన్ని మాత్రం రుద్దకండి" అంది మా చెల్లెలు. "రంగుల షెడ్డు మేస్త్రిని అడిగాను. రంగు మీద అద్దం లాంటి పల్చటి పొర ఒకటి ఉంటుందట. గోటికి తగిలిందంటే గీత దాన్ని దాటి దిగిపోయినట్టేనట. అలాంటిది వదిలెయ్యాలి, రుద్దితే ఉన్న పొర కూడా పోతుందన్నాడు."

"వాడికేం తెలుసు మెరుగు గురించి? నా పనిలో గోటికి తగిలిందంటే అక్కడ తిన్నది ఇరుక్కుంటుంది, కుళ్ళుతుంది, కంపు కొడుతుంది. గోరు జారేదాకా అరగదీయాల్సిందే."

"ఇది పన్ను కాదండీ."

"నీకు లెక్కలొచ్చు, లెక్కలు చెప్పుకో."

మెషిన్ రొద మొదలైంది. కాసేపటికి తెల్లని స్పాంజి బిళ్ళ నీలంగా మారింది. అతను ఆపి, దానిని మాకు చూపించాడు.

"చూశావా? ఇన్ని నెలలుగా గీతలో దాక్కున్న మురికి! నీ బ్యాగు తాలూకే."

బిళ్ళ మార్చాడు. అదీ నీలమైంది.

"మురికి నీలంగా ఉంటుందా బావగారూ?" అన్నాను.

చెవిన వేసుకోలేదు. మూడో బిళ్ళ బిగించి, ఒంటి బరువంతా మెషిన్ మీద మోపాడు. కాలిన వాసన ముక్కుకు తగిలింది. మా చెల్లెలు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

చివరికి గోరు నడిపి చూశాడు. జారింది.

"పోయింది!" అని కేకపెట్టి గుడ్డతో తుడిచాడు.

గీత పోయిన మాట నిజమే. దానితోపాటు పైనున్న పొరా, కింది నీలం రంగూ పోయి, జానెడు పొడవున, అరచేయంత వెడల్పున అడుగున ఉండే బూడిదరంగు పూత బయటపడింది. చుట్టూ తళతళ, నడుమ మసిబట్టిన మానని పుండులాంటి మచ్చ. అతను గుడ్లప్పగించి చూశాడు. పిమ్మట, నా కళ్ళతో నేను చూడకపోతే నమ్మేవాణ్ణి కాను, వంగి దానికి కూడా నాలుక ఆనించాడు.

"నున్నగానే ఉంది" అన్నాడు. నాలుక కొసన బూడిదరంగు అంటుకుని ఉంది.

అతను గొంతు సవరించుకున్నాడు.

"బానెట్ అంతా రంగు వేయించాలి. నెల పడుతుంది. ఈ మచ్చతో బండి వీధిలోకెళితే నా పరువేం కావాలి? అసలు నువ్వు ఆ గీత పెట్టకపోతే ఈ గొడవే లేదు కదా!"

పుక్కిలించినా పోని వెగటు నాకు ఆ మాటతో గొంతుదాకా వచ్చింది. తన మొండితనంతో చెడిన దానిని కూడా భార్య బ్యాగు మీదికే తోసే మనిషి ఎదుట నిలబడడానికే ఏవగింపు కలిగింది. ఏదో అనబోయాను. మా చెల్లెలు చేయెత్తి వారించి, కిటికీ దగ్గరకు నడిచింది. అక్కడ పళ్ళ సెట్లు పెట్టి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉంది. కారు తాళాన్ని అతను అందులో గుడ్డ చుట్టి దాచేవాడు. ఆమె డబ్బీ తెరిచి, తాళం తీసి, గుడ్డను అతని చేతిలో పెట్టింది.

"గీత పోయింది కదండీ. గీత పోయిన రోజు తాళం అన్నారు. అన్నయ్య సాక్షి."

"మరి ఈ మచ్చ?"

"అది మీరు పెట్టింది. మీ మచ్చకి నేనెందుకు భయపడాలి?"

గేటు బయటికి వెళ్ళి, తన చెప్పులు తొడుక్కుని, పట్టా మీదుగానే నడిచి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది.

"చెప్పులూ! చెప్పులూ!" అని అరిచాడతను.

"అన్నయ్యా, నువ్వూ తొడుక్కునే ఎక్కు. బడి దారి ఒకసారి చూసొద్దాం."

నేను అలాగే ఎక్కాను. అంచులకు అతికించిన టేపు గాలికి రెపరెపలాడుతుండగా కారు వీధి మలుపు తిరిగింది.

మా చెల్లెలు మర్నాడు ఏడూ నలభై అయిదుకు బడిలో చేరింది. నేటికీ అక్కడే చెబుతున్నది. కారు ఇప్పటికి అరవై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. బానెట్‌కు రంగు వేయించలేదు. రెండో వానాకాలానికి మచ్చ నడుమ తుప్పు పట్టింది. మూడు ముసుగులు మేడ మీద నీళ్ళ ట్యాంకుకు కప్పి ఉన్నాయి. అతను పనికి బస్సులో వెళతాడు. ఆ కారు ఎక్కడు. పళ్ళు మాత్రం ఇంకా చేస్తున్నాడు. నేను ఆ జులైలోనే పై పలువరుస వేరే చోట చేయించుకున్నాను. కాస్త వదులు. మాట్లాడేటప్పుడు జారుతుంది. సర్దుకుంటున్నాను.